మీటింగ్ రూమ్ టీవీ కొనేముందు చివరి కుర్చీలో కూర్చుని చూడండి

మీరు అడిగింది ఇదీ: గుంటూరు లక్ష్మీపురంలో ఆఫీసు, మీటింగ్ రూమ్ 18 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, పది పన్నెండు మంది కూర్చుంటారు, పడమటి వైపు పెద్ద అద్దాల కిటికీ ఉంది. ఎక్సెల్ షీట్లు, సైట్ డ్రాయింగులు చూస్తారు, వారానికి రెండుసార్లు హైదరాబాద్ వాళ్లతో వీడియో కాల్. బడ్జెట్ 60 వేలు. ఆ డబ్బుకి పేరెప్పుడూ వినని కంపెనీ 75 అంగుళాల టీవీ వస్తోంది, తెలిసిన కంపెనీదైతే 65 వస్తోంది, ప్రొజెక్టర్ అయితే బొమ్మ ఇంకా పెద్దగా పడుతుందని ఒకాయన చెప్పారు. ఏది తీసుకోవాలి?

విజయవాడ, గుంటూరు ఆఫీసుల్లో పదిహేనేళ్లుగా నెట్‌వర్కింగ్, మీటింగ్ రూముల పని చేస్తున్నాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకోండి. 65 తీసుకోండి. పక్క నుంచి చూసినా రంగు పోని ప్యానెల్ (బొమ్మ పడే తెర పలక) ఉన్నది, 45 నుంచి 48 వేల మధ్యలో చూసుకోండి. మిగిలిన పన్నెండు వేలూ టీవీకి పెట్టకుండా కేబుల్‌కి, కిటికీ బ్లైండ్‌కి, మాట సరిగ్గా వినపడే స్పీకర్‌ఫోన్‌కి ఉంచండి. ఇంకో పని, దీనికి పైసా ఖర్చు లేదు: టేబుల్‌ని టీవీ గోడ వైపు రెండడుగులు జరపండి.

ఇంట్లో టీవీ చూస్తాం, ఆఫీసులో మాత్రం టీవీని చదువుతాం. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది షోరూమ్‌లో నెమళ్లు, జలపాతాలు తిరిగే డెమో వీడియో చూసి మురిసిపోయి కొనేస్తారు, తీరా ఆఫీసులో పెట్టాక చివర కూర్చున్న అకౌంటెంట్ లేచి టీవీ దగ్గరకొచ్చి అంకెలు చదువుకోవాల్సి వస్తుంది. అలా లేచి రావడం నేను ఎన్ని ఆఫీసుల్లో చూశానో లెక్కలేదు.

సైజు విషయంలో ఈ పని చేసేవాళ్లు ఎప్పటినుంచో వాడే లెక్క ఒకటుంది. తెర ఎత్తుని ఆరుతో గుణించండి, అంత దూరం వరకూ మామూలు ప్రెజెంటేషన్ ఇబ్బంది లేకుండా కనిపిస్తుంది. నాలుగుతో గుణించండి, సన్నటి అంకెలు, డ్రాయింగులో గీతలు చదవగలిగేది అంత దూరం వరకే. టీవీ సైజంటే మూల నుంచి మూలకి కొలత కదా, ఎత్తు విడిగా తెలియాలి: 55 అంగుళాల దానికి దాదాపు 68 సెంటీమీటర్లు, 65 కి 81, 75 కి 93. అంటే 55 తీసుకుంటే మామూలు చూపుకి పదమూడున్నర అడుగులు, సన్న చదువుకి 9 అడుగులు. 65 కి 16 అడుగులు, పదిన్నర అడుగులు. 75 కి 18, 12. మీ గదిలో టేబుల్ మధ్యలో ఉందనుకుంటే చివరి కుర్చీలో మనిషి కళ్లు టీవీ గోడకి సుమారు 15 అడుగుల దూరంలో ఉంటాయి, 65 కి అది అంచు మీద ఉన్నట్టు. టేబుల్ రెండడుగులు జరిపితే 13 అవుతుంది, అప్పుడు మామూలు చూపుకి 65 సరిపోతుంది, సన్న అంకెలకి మాత్రం జూమ్ పెంచుకోవాలి. ముందు కుర్చీ వాళ్లకి మరీ దగ్గరైపోదా అంటారేమో, ఐదడుగుల దూరంలో 4కె తెర (చుక్కలు బాగా ఎక్కువున్నది) చూడటానికి ఏ ఇబ్బందీ ఉండదు. 55 మాత్రం మీ గదికి వద్దు, డబ్బు మిగిలినా వద్దు.

లెక్క నమ్మకపోతే ఈ సాయంత్రమే ఒక పని చేయండి. పాత న్యూస్‌పేపర్లు టేపుతో అతికించి 144 సెంటీమీటర్ల వెడల్పు, 81 సెంటీమీటర్ల ఎత్తు షీటు చేయండి, అది 65 అంగుళాల టీవీ. దాన్ని టీవీ వచ్చే చోట గోడకి అంటించండి. ఇప్పుడు ఒక ఎ4 కాగితం మీద ఏవైనా పది అంకెలు 30 పాయింట్ల సైజులో ఒక వరుస, 60 పాయింట్ల సైజులో ఇంకో వరుస ప్రింట్ తీసి ఆ న్యూస్‌పేపర్ మధ్యలో పెట్టండి. ఎందుకు 30 అంటే, ఎక్సెల్‌లో మనం మామూలుగా వాడే 11 సైజు అక్షరం, లాప్‌టాప్ ఫుల్ హెచ్‌డీలో (అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు) నూరు శాతం జూమ్‌లో ఉన్నప్పుడు, 65 అంగుళాల తెర మీద దాదాపు 31 పాయింట్ల సైజులో పడుతుంది. ఆ జూమ్‌ని 200 చేస్తే రెండో వరుస. వెళ్లి చివరి కుర్చీలో కూర్చోండి, ఆఫీసులో అందరికంటే వయసులో పెద్దాయన్ని కూడా కూర్చోబెట్టండి. మొదటి వరుసకి కళ్లు చిట్లించాల్సి వస్తుంది, రెండోది ఇట్టే చదివేస్తారు. అందుకే నేను పని చేసిన ప్రతి ఆఫీసులో ఒకటే చెబుతాను, ఏ టీవీ కొన్నా మీటింగ్‌లో ఎక్సెల్ తెరిచేవాళ్లు కంట్రోల్ కీ పట్టుకుని మౌస్ చక్రం తిప్పడం అలవాటు చేసుకోవాలి. 75 కొన్నా ఈ అలవాటు తప్పదు.

4కె గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 4కె అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. చుక్కలు పెరిగితే అక్షరం నున్నగా వస్తుందే గానీ పెద్దదవదు, పైగా విండోస్‌లో స్కేలింగ్ (అక్షరాల సైజు పెంచే సెట్టింగ్) నూరు శాతం దగ్గరే వదిలేస్తే ఫుల్ హెచ్‌డీలో కనిపించే దానిలో సగానికి తగ్గిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేలింగ్ 200 శాతం పెట్టుకోండి, అప్పుడు ఫుల్ హెచ్‌డీ అంత సైజు, 4కె అంత స్పష్టత రెండూ వస్తాయి. మీ సైట్ డ్రాయింగుల్లో సన్నగీతలకి ఆ స్పష్టత నిజంగా పనికొస్తుంది. ఈ రోజుల్లో 65 సైజులో 4కె కాని టీవీ వెతికినా దొరకడం కష్టం, కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు.

అసలు చూసుకోవాల్సింది ప్యానెల్ రకం. ఎల్‌ఈడీ టీవీల్లో ముఖ్యంగా రెండు రకాల ప్యానెళ్లు ఉంటాయి, ఐపీఎస్, వీఏ అని. వీఏలో నలుపు బాగా నల్లగా ఉంటుంది, రాత్రి లైట్లు తీసేసి సినిమా చూసేవాళ్లకి అదే బాగుంటుంది, కానీ ఎదురుగా కాక పక్కకి జరిగి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్‌లో నలుపు కాస్త బూడిద రంగులో ఉంటుంది, కానీ పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. మీటింగ్ రూమ్‌లో టీవీకి సరిగ్గా ఎదురుగా కూర్చునేది ఒకరో ఇద్దరో, మిగతా అందరూ టేబుల్‌కి రెండు పక్కలా ఏటవాలుగా చూసేవాళ్లే.

రెండేళ్ల కిందట గుంటూరులోనే మిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసుకి వైఫై పని మీద వెళ్లాను. కొత్తగా 65 అంగుళాల టీవీ పెట్టుకున్నారు, వాళ్లే ఆఫర్‌లో కొనుక్కున్నారు. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన తేజ రకం శాంపిల్ ఫొటోలు తెర మీద పెట్టారు. టీవీకి ఎదురుగా నిలబడిన నాకు కాయ నిగనిగలాడుతూ కనిపిస్తోంది. పక్కన ఏసీ కింద కూర్చున్న పెద్దాయన మాత్రం కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, "ఏందయ్యా ఇది, సగానికి సగం తాలు లాగుంది" అన్నారు. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ, యార్డులో దాని ధర వేరు. నేను వెళ్లి ఆయన కుర్చీ వెనక నిలబడి చూస్తే నిజంగానే ఎరుపంతా పాలిపోయి లేత గులాబీ రంగులో ఉంది. కాయ మంచిదే, ఆయన కళ్లూ మంచివే, ప్యానెల్ వీఏ. ఆ టీవీ ఇప్పుడు వాళ్ల గెస్ట్ హౌస్‌లో ఉంది, ఆఫీసుకి వేరేది కొన్నారు. అంకెలు మాత్రమే చూసేవాళ్లకి ఇంత నష్టం ఉండకపోవచ్చు, కానీ మీరు డ్రాయింగుల్లో లేత రంగు గీతలు చూస్తానంటున్నారు, ఆ లేత రంగులే పక్క నుంచి మొదట మాయమవుతాయి.

చిక్కేమిటంటే డబ్బా మీద ఐపీఎస్, వీఏ అని రాసేవాళ్లు తక్కువ. ఒకే మోడల్ పేరుతో 55 లో ఒక రకం, 65 లో ఇంకో రకం ప్యానెల్ రావడం కూడా మామూలే, కాబట్టి ఇంట్లో ఉన్న 43 బాగుందని అదే మోడల్‌లో 65 కొనేయకండి. కంపెనీ వెబ్‌సైట్‌లో కాంట్రాస్ట్ రేషియో (తెలుపు వెలుగు నలుపు కంటే ఎన్ని రెట్లో చెప్పే అంకె) రాసి ఉంటే అది చూడండి, వెయ్యి, పన్నెండు వందల దగ్గర ఉంటే ఐపీఎస్ తరహా, మూడు వేల నుంచి ఐదు వేల దాకా ఉంటే వీఏ. డైనమిక్ కాంట్రాస్ట్ అని లక్షల్లో రాసే అంకెని అసలు లెక్కలోకి తీసుకోవద్దు. క్యూఎల్‌ఈడీ అన్నారు కదా అని పక్కచూపు బాగుంటుందని కూడా అనుకోవద్దు. అది రంగు మెరుగుపరిచే పొర ఒకటి అదనంగా ఉన్న ఎల్‌ఈడీ టీవీయే, వెనక ప్యానెల్ ఎక్కువగా వీఏనే ఉంటుంది. హెచ్‌డీఆర్, 120 హెర్ట్జ్, గేమింగ్, సినిమా సౌండు, వీటిలో ఒక్కటి కూడా మీ పనికి అక్కరకు రాదు, వీటి పేరు చెప్పి మూడు నాలుగు వేలు ఎక్కువ అడిగితే ఒప్పుకోకండి.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష షాపులోనే. విజయవాడలో బందరు రోడ్డుకి వెళ్లినా, ఏలూరు రోడ్డుకి వెళ్లినా, మీ గుంటూరులోనే చూసినా, లాప్‌టాప్, ఒక హెచ్‌డీఎంఐ కేబుల్ సంచిలో పెట్టుకుని వెళ్లండి. ఆదివారం సాయంత్రం కాకుండా మామూలు రోజు పొద్దున పదకొండింటికి వెళితే షాపులో కుర్రాళ్లు ఓపికగా తగిలిస్తారు. మీ ఆఫీసు ఎక్సెల్ షీటే తెరవండి, మీ డ్రాయింగే తెరవండి. ఎదురుగా 13 అడుగులు వెనక్కి వెళ్లి చదవండి, తర్వాత టీవీకి బాగా పక్కగా, మీ టేబుల్ మొదటి కుర్చీ ఎక్కడ ఉంటుందో అంత ఏటవాలుగా నిలబడి లేత పసుపు రంగు వేసిన సెల్స్ కనిపిస్తున్నాయా చూడండి. షాపు వాళ్లు టీవీని వివిడ్ మోడ్‌లో పెట్టి ఉంచుతారు, దాన్ని స్టాండర్డ్‌కి మార్చమనండి. ఎర్రటి గడిలో నల్లటి అక్షరాలు, నీలం గడిలో ఎర్ర అక్షరాలు పెట్టి చూడండి, అంచులు అలికినట్టు ఉంటే కంగారు పడకండి, చాలాసార్లు అది సెట్టింగ్ సమస్య, కింద చెబుతాను. సరిచేసినా అలాగే ఉంటే ఆ మోడల్ వదిలేయండి.

ప్రొజెక్టర్ సంగతి. మీ గదికి వద్దు. పడమటి కిటికీ ఉన్న గదిలో మధ్యాహ్నం మూడింటికి ప్రొజెక్టర్ బొమ్మ ఎంత పెద్దదైనా గోడ రంగు కంటే నల్లగా ఏదీ చూపించలేదు, కాబట్టి పగలు మీటింగ్ పెడితే తెరలు వేసి, లైట్లు తీసి, నోట్స్ రాసుకునేవాళ్లు ఫోన్ టార్చ్ వేసుకోవాలి. ఆ ధరలో దొరికేవాటి మీద రాసే ల్యూమెన్లు (వెలుగు కొలత) కూడా నమ్మదగినవి కావు, ఆన్సీ ల్యూమెన్లు, అంటే ప్రామాణిక పద్ధతిలో కొలిచినవి, ఎన్ని అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. టీవీకీ వెలుతురు శత్రువే, బడ్జెట్ టీవీల వెలుగు 250 నుంచి 300 నిట్లు (తెర వెలుగు కొలత) ఉంటుంది, ఎండ నేరుగా తెర మీద పడితే అది చాలదు. కాబట్టి టీవీని కిటికీకి ఎదురు గోడ మీద పెట్టకండి, కిటికీ నీడ తెరలో అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది. కిటికీ ఉన్న గోడ మీదా పెట్టకండి, చూసేవాళ్ల కళ్లలో ఎండ పడుతుంది. కిటికీ పక్కకి వచ్చేలా, మీ గదిలో అయితే ఆ 11 అడుగుల గోడ మీద సరిపోతుంది. రెండు మూడు వేలలో ఒక రోలర్ బ్లైండ్ వేయించండి, మన ఎండలకి అది ఎలాగూ కావాలి, ఏసీకీ మంచిది.

ఇక వైర్లు. ఇక్కడ పొదుపు చేసినవాళ్లే నాకు ఎక్కువసార్లు ఫోన్ చేస్తారు. టేబుల్ మధ్య నుంచి నేల కింద పైపులో టీవీకి హెచ్‌డీఎంఐ వెళ్లాలంటే మీ గదిలో ఎనిమిది, పది మీటర్లు పడుతుంది. మామూలు రాగి కేబుల్ ఐదు మీటర్ల వరకూ 4కె 60 హెర్ట్జ్‌ని (సెకనుకి 60 ఫ్రేములు) నమ్మకంగా మోస్తుంది, అది దాటితే తెర మధ్యమధ్యలో నల్లబడటం, మెరుపులు రావడం మొదలవుతుంది. పది మీటర్లకి ఆప్టికల్ (రాగికి బదులు కాంతితో సిగ్నల్ పంపే) హెచ్‌డీఎంఐ కేబుల్ తీసుకోండి, రెండున్నర, మూడు వేలు అవుతుంది. ఈ ఆప్టికల్ కేబుల్‌కి దిశ ఉంటుంది, ఒక కొస మీద సోర్స్ అని, రెండో కొస మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. విజయవాడ మొగల్రాజపురంలో ఒక ఆఫీసు పని మీద నేను ఊళ్లో లేని రోజు మా ఎలక్ట్రీషియన్ కేబుల్‌ని తిరగేసి లాగేశాడు, పైన పుట్టీ కూడా పెట్టేశారు. మర్నాడు లాప్‌టాప్ పెడితే టీవీలో నో సిగ్నల్. టీవీ మార్చి చూశాం, లాప్‌టాప్ మార్చి చూశాం, చివరికి టేబుల్ దగ్గర కొసని ఫోన్ వెలుతురులో చూస్తే చిన్న అక్షరాల్లో డిస్‌ప్లే అని ఉంది. గోడ మళ్లీ తవ్వాం. లాగేముందు కేబుల్‌ని నేల మీద పరిచి, రెండు వైపులా తగిలించి, బొమ్మ వచ్చాకే పైపులోకి పంపించమనండి. పైపు ఒకటిన్నర అంగుళాలది వేయించండి, సన్న పైపులో హెచ్‌డీఎంఐ తల దూరదు. పక్కనే ఒక క్యాట్6 నెట్‌వర్క్ వైరు కూడా వేసి ఉంచండి, రేపు దేనికైనా పనికొస్తుంది.

పాత లాప్‌టాప్‌లు, చవక టైప్ సీ కన్వర్టర్లు చాలావరకు 4కె ని సెకనుకి 30 ఫ్రేముల దగ్గరే ఆపేస్తాయి. అప్పుడు మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంది, టీవీ నెమ్మదిగా ఉందని జనం అనుకుంటారు. అలాంటి లాప్‌టాప్‌కి 4కె మానేసి ఫుల్ హెచ్‌డీ 60 పెట్టండి, పని హాయిగా జరిగిపోతుంది.

వైర్లెస్‌గా పంపుకోవచ్చు కదా అంటే, పంపుకోవచ్చు, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఆఫీసుకి వచ్చిన బయటివాళ్లకి మీరు గెస్ట్ వైఫై ఇస్తారు, అందులోంచి మీ టీవీ కనిపించకూడదు కూడా. కాబట్టి వచ్చినవాళ్లకి కేబులే దారి.

టీవీ పెట్టాక చేయాల్సిన సెట్టింగ్స్ కొన్నే, కానీ చాలా ఆఫీసుల్లో ఎవరూ చేయరు. హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చండి, ఆ సదుపాయం లేని టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, ఇందాక చెప్పిన ఎర్ర అక్షరాల అలుకుడు చాలావరకు దీంతోనే పోతుంది. అదే పోర్టుకి హెచ్‌డీఎంఐ ఎన్‌హాన్స్‌డ్ లాంటి ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. పిక్చర్ సైజు జస్ట్ స్కాన్ గానీ ఫిట్ గానీ పెట్టండి, లేకపోతే ఎక్సెల్ పై వరుస, కింద టాస్క్‌బార్ అంచుల్లో తెగిపోతాయి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, అది ఎక్కువుంటే ప్రతి అక్షరం చుట్టూ తెల్లటి గీత వస్తుంది. గూగుల్ టీవీ అయితే మొదట ఆన్ చేసినప్పుడే బేసిక్ టీవీగా వాడుకుంటానని ఎంచుకోండి, ఎవరి సొంత అకౌంటూ వేయకండి. క్లయింట్ ముందు టీవీ ఆన్ చేయగానే ఎవరో రాత్రి చూసిన వీడియోల వరుస కనిపించడం మంచిది కాదు. ఆన్ చేయగానే చివరి ఇన్‌పుట్‌కే వెళ్లే ఆప్షన్ ఉంటే అదీ పెట్టండి, రిమోట్ వెతుక్కునే పని తగ్గుతుంది.

గోడకి బిగించేటప్పుడు జనం చేసే పెద్ద తప్పు ఎత్తు. ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో పెట్టినట్టు సీలింగ్ దగ్గర పెట్టేస్తారు, గంట మీటింగ్ అయ్యేసరికి మెడలు పట్టేస్తాయి. 65 అంగుళాల టీవీ కింది అంచు నేల నుంచి మూడడుగుల చిల్లర ఎత్తులో ఉంటే మధ్య భాగం నాలుగున్నర అడుగులకి వస్తుంది, మీ గదికి అది సరిపోతుంది. మీది ఇటుక గోడా, జిప్సం పార్టిషనా చూసుకోండి. ఇటుకైతే మంచి యాంకర్ బోల్టులు చాలు. జిప్సం అయితే ముందు వెనకవైపు ప్లైవుడ్ వేయించి, లోపలి ఫ్రేముకి బిగించాకే బ్రాకెట్ పెట్టాలి. ఇరవై కిలోల బరువుని ఒట్టి జిప్సం మీద వేలాడదీయడమంటే కింద కూర్చున్న మనిషి తల మీద పెట్టడమే, ఇందులో బేరం ఆడకండి.

కరెంటుకి స్టెబిలైజర్ అమ్మజూపుతారు. టీవీ వెనక లేబుల్ మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటే దానికి స్టెబిలైజర్ అవసరం పెద్దగా లేదు. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించుకుని మంచి సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీని ఆపేది) పెట్టండి, మే నెల గాలివానల్లో, నవంబరు తుఫానుల్లో పిడుగులకి పోయిన బోర్డులు ఎన్నో చూశాను. ఆఫీసు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే ప్లగ్ పాయింటు, యూపీఎస్ నేలకి దగ్గరగా పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో గోడ మీద టీవీ బాగానే ఉండి, కింద పెట్టిన పెట్టెలన్నీ నీళ్లలో పోయిన చోట్లకి నేను స్వయంగా వెళ్లాను.

ఇప్పుడు ఆ 75 సంగతి. వద్దనడానికి కారణం సైజు కాదు, సైజు మీ గదికి బాగానే ఉంటుంది. పెద్ద టీవీలో ప్యానెల్ పోతే కొత్త ప్యానెల్ ధర దాదాపు కొత్త టీవీ ధరంత ఉంటుంది, కాబట్టి వారంటీలో ఉండగా మనిషి వచ్చి చూసే కంపెనీయేనా అన్నదే అసలు ప్రశ్న. కొనకముందే ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి, ఇంటికొచ్చి సర్వీస్ చేస్తారా, మనిషి ఏ ఊరి నుంచి వస్తాడు అని అడగండి. ఫోన్ ఎత్తకపోయినా, నీళ్లు నమిలినా మీకు జవాబు దొరికినట్టే. ఇంకొకటి, 75 డబ్బా దాదాపు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు ఉంటుంది, నిలబెట్టే తేవాలి, పడుకోబెడితే ప్యానెల్ పగలొచ్చు. పాత బిల్డింగుల లిఫ్టుల్లో అది పట్టదు, మెట్ల మలుపులో తిరగదు. మీది ఎన్నో అంతస్తో చెప్పలేదు, కొలుచుకోండి.

వారంటీ కార్డు మాత్రం తప్పకుండా చదవండి. చాలా కంపెనీల కార్డుల్లో గృహ వినియోగానికి మాత్రమే అని ఉంటుంది, ఆఫీసులో వాడితే వారంటీ తగ్గిస్తాయి లేదా ఇవ్వవు. మీరు కంపెనీ పేరు మీద బిల్లు తీసుకుంటారు కాబట్టి ఇది దాచేది కాదు, దాచొద్దు కూడా. ఈ మోడల్‌ని ఆఫీసులో వాడితే వారంటీ ఎన్నాళ్లు అని ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబుని బిల్లుతో పాటు దాచుకోండి. సామ్‌సంగ్, ఎల్‌జీ లాంటి కంపెనీలు ఆఫీసుల కోసం విడిగా బిజినెస్ డిస్‌ప్లేలు అమ్ముతాయి, ఎక్కువ గంటలు పనిచేసేలా చేస్తారు, వెలుగూ ఎక్కువ, ధరా ఎక్కువ. రోజుకి పది పన్నెండు గంటలు డ్యాష్‌బోర్డు వెలుగుతూ ఉండే గదికైతే అవే తీసుకోమంటాను. మీరు వారంలో వాడేదే పది గంటలు, మామూలు టీవీ చాలు.

బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయించుకోవడం మర్చిపోకండి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 కి తగ్గింది. పన్నుతో కలిపి 47,200 పెట్టి కొంటే అందులో 7,200 పన్ను, వ్యాపారానికి వాడుతున్నట్టయితే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుని, వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ పన్ను మొత్తం మీద తరుగుదల కూడా చూపిస్తే మాత్రం క్రెడిట్ రాదు, ఈ ముక్క మీ ఆడిటర్ గారికి ముందే చెప్పండి. క్రెడిట్ వస్తే ఆ ఏడు వేలతో స్పీకర్‌ఫోన్ వచ్చేసినట్టే.

అవును, ఆ స్పీకర్‌ఫోన్ గురించి రెండు మాటలు. వీడియో కాల్‌లో బొమ్మ కాస్త మసకగా ఉన్నా ఎవరూ ఏమీ అనరు, మాట వినపడకపోతే పది నిమిషాలకి అందరికీ విసుగొస్తుంది. టీవీ స్పీకర్లలో వచ్చిన గొంతుని లాప్‌టాప్ మైకు మళ్లీ పట్టుకోవడం వల్లే అవతలివాళ్లకి ప్రతిధ్వని వెళుతుంది. టేబుల్ మధ్యలో యూఎస్‌బీతో పెట్టే స్పీకర్‌ఫోన్ ఆరేడు వేలలో వస్తుంది, మైకూ స్పీకరూ ఒకే దాంట్లో ఉండి ప్రతిధ్వనిని అదే తీసేస్తుంది. కెమెరాని టీవీ నెత్తిన కాకుండా కింది అంచు దగ్గర పెట్టండి, అది దాదాపు కళ్ల ఎత్తులోకి వస్తుంది, హైదరాబాద్ వాళ్లకి మీ నడినెత్తులు కాక ముఖాలు కనిపిస్తాయి.

టీవీ వచ్చిన రోజు డబ్బా విప్పడం మొదటి నుంచి ఫోన్‌లో వీడియో తీయండి, తెచ్చినవాళ్లు వెళ్లకముందే ఆన్ చేసి తెల్ల తెర, నల్ల తెర పెట్టి మరకలు, గీతలు ఉన్నాయేమో చూడండి, డబ్బాని కనీసం పదిహేను రోజులు పారేయకండి. టేబుల్ జరిపాక టేపు పట్టుకుని చివరి కుర్చీ నుంచి గోడకి కొలవండి. 13 అడుగులు దాటుతుంటే కొలతతో పాటు మీ లిఫ్టు తలుపు సైజు కూడా ఇక్కడ రాయండి, అప్పుడు సర్వీసు ఉన్న కంపెనీల్లో 75 ఏది తీసుకోవచ్చో, దానికి ఇంకెంత కలపాలో చూద్దాం.